నన్నారి నానబెట్టిన నీళ్లు

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. ఆ సామెత చెప్పినవాడికి కామెర్లు వచ్చి ఉండవు. నాకు వచ్చాయి. చూసేవాళ్లకు నా కళ్లు పచ్చగా ఉన్నాయి గానీ, నా కళ్లకు లోకం ఉన్నది ఉన్నట్టే కనిపించింది. నా కోపం కూడా అందుకే.

ఇప్పుడు ఒంట్లో నయం. అన్నం సయిస్తోంది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం రావడం లేదు. పోయిన ఏడు జరిగింది తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఆ కోపం చల్లారదు. అది తీరడానికి కొంత, ఇంకొకరికి పనికొస్తుందని కొంత ఇది రాస్తున్నాను. కడుపుతో ఉన్న ఆడపిల్ల ఎవరైనా చదువుతుంటే ముందుగా ఒక్క మాట. ఒంట్లో నలతగా ఉండి, తిరగమోత వాసనకే కడుపులో తిప్పుతుంటే, వేవిళ్లేలే అని సరిపెట్టుకోవద్దు. వెలుతురులోకి పోయి అద్దంలో కళ్లు చూసుకోండి. నా కథ తరవాతైనా చదవచ్చు.

మాది పూతలపట్టు దగ్గర ఒక ఊరు. ఊరంటే ఊరు కాదు. ఊరు దాటి, మామిడి తోటలు దాటి, గుట్ట కింద ఉన్న యానాది కాలనీ. నేను తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను. ఆ చదువుకు దొరికిన పని, మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో సీజను కూలి. మా ఆయన రమణయ్య ఊళ్లో మునిరత్నం గారి తోటకు కాపలా. మా అత్త చెంగమ్మ మందులిస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి కడుపునొప్పి వచ్చినా, ఒంట్లో వేడి చేసినా మా ఇంటి దారి పడతారు.

మా కాలనీకి కుళాయిలు లేవని ఎవరూ అనలేరు. ఉన్నాయి. నీళ్లే, ఊళ్లో ట్యాంకు దగ్గర బయల్దేరి మా దాకా వచ్చేసరికి సత్తువ ఉడిగిపోయి కుళాయి మూతి దాకా ఎక్కవు. అందుకని మావాళ్లు కుళాయి చుట్టూ నడుములోతు గుంత తవ్వి, పైపును అక్కడ కింద కోసేశారు. గుంతలోకి దిగి, కోసిన చోట బిందె పెట్టి పట్టుకోవాలి. నీళ్లు పైకి రాకపోతే మనిషి కిందికి దిగుతాడు, అంతే కదా. కారిన నీళ్లు, కాళ్లు కడిగిన నీళ్లు, వాన పడితే వీధి మురుగు అన్నీ ఆ గుంతలోనే నిలుస్తాయి. ట్యాంకు దగ్గర నీళ్లు ఆపేశాక పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ పైపు గుంతలో ఏముంటే దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. మరుసటి రోజు మొదటి బిందెలో మాకు దక్కేది అదే.

ఊళ్లో పాలకేంద్రం పక్కన నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు ఉంది. అది మా కాలనీ పేరు మీద మంజూరైందని అందరికీ తెలుసు. కాలనీకి కరెంటు సరిగా లేదని ఊళ్లో కట్టారు. మావాళ్లు బిందె పట్టుకుని పోతే, "మీకు కుళాయిలేసినారు కదా, ఈడికి ఏంటికి వస్తారు?" అని అడుగుతారు. పోట్లాడితే ఒక రోజు పట్టనిస్తారు. రోజూ పోట్లాడి నీళ్లు తాగే ఓపిక ఎవరికి ఉంటుంది?

తోతాపురి మామిడి కోతల ముందు

ఎండాకాలంలో మా అత్త దగ్గర జనానికి కావలసింది నన్నారి, కొందరు సుగంధిపాల అంటారే, అది. అడవిలో తవ్వి తెచ్చిన నన్నారి వేర్లను దంచి, రాత్రికి కుండలో నీళ్లు పోసి నానేస్తుంది. పొద్దున్నే వడగట్టి ఇస్తుంది. ఒంట్లో వేడంతా దిగిపోతుంది. బజారులో అమ్మే షర్బత్తు కాదిది, చక్కెర వేయదు, కాచదు. నిప్పు తగిలితే చలవ పోతుందని మావాళ్ల పట్టింపు. మా అత్తకు వాళ్లమ్మ చెప్పింది, వాళ్లమ్మకు ఇంకెవరో చెప్పారు.

మునిరత్నం గారి భార్య భారతమ్మ ఏటా వస్తుంది. పోయిన ఏడు సెలవులకు వచ్చిన మనవరాలిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. చిత్తూరులో చదువుకునే పిల్ల, ఎండకు ఒళ్లంతా పేలింది.

"ఎండన పడి వచ్చినారు, నీళ్లు తాగుతారా అమ్మయ్యా?" అని అత్త అడిగింది.

"వద్దులే చెంగమ్మా, ఇంట్లో తాగే వచ్చినా."

భారతమ్మ మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఇంట్లో తాగే వచ్చి ఉంటుంది. చెడ్డ మనిషి కాదు. నా పెళ్లికి చీర పెట్టింది. కానీ మా ఇంట్లో నీళ్లు తాగదు, అరుగు మీద కూర్చోదు. నన్నారి మాత్రం వాకిట్లోనే నిలబడి, తాను తెచ్చుకున్న గ్లాసులో పోయించుకుని ఒక గుక్కలో తాగేసింది. మనవరాలికీ తాగించింది. సీసాకు నింపుకుంది.

"మందుకు మైల లేదు" అంది గ్లాసు దులుపుతూ.

అది వాళ్ల ఊరి మాట. మందు ఎవరి చేతిదైనా తాగొచ్చు. అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. కోపం తెచ్చుకోవలసిన మాటలకు నవ్వడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ నెలలోనే కాలనీలో పిల్లలు జ్వరాలతో పడ్డారు. ఇద్దరు ముగ్గురి కళ్లు పచ్చబడ్డాయి. నేను, రమణయ్య ఊరి సచివాలయానికి పోయి చెప్పాం. అక్కడున్నాయన తలెత్తకుండానే, "నీళ్లు కాచి తాగండమ్మా. ఎన్నిసార్లు చెప్పాల మీకు?" అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊది ఇంటికొచ్చాం.

కోతల్లో

ఫ్యాక్టరీలో నా పని మామిడికాయలు కడిగే తొట్టి దగ్గర. పొద్దున్నే ఒకాయన వచ్చి, తొట్టిలో నీళ్లు చిన్న గొట్టంలోకి తీసుకుని, మందు చుక్క వేసి, రంగు చూసి పోతాడు. ఆయన సరే అంటేనే కాయలు తొట్టిలో పడతాయి.

"రోజూ ఏంటికన్నా చూసేది? కడిగే నీళ్లే కదా" అని ఒకరోజు అడిగాను.

"ఫారిన్‌కు పోయే సరుకుమ్మా. రవంత తేడా వచ్చినా మొత్తం వెనక్కి కొట్టేస్తారు" అన్నాడు.

నాకప్పుడు ఐదో నెల. ఒళ్లు కాలుతోంది. గుజ్జు వాసన తగిలితే పేగులు బయటికి వచ్చేట్టుంది. తొట్టి అంచు పట్టుకుని నిలబడి, ఆ కాయల్ని చూస్తే నాకు ఒళ్లు మండింది. తొక్క తీసి పారేసే కాయను కడగడానికి పరీక్ష చేసిన నీళ్లు. నా కడుపులో బిడ్డకు గుంత నీళ్లు. మామిడికాయ పుట్టుక పుట్టినా బాగుండేది.

వేవిళ్లనే అనుకున్నాను. అందరూ అదే అన్నారు. మా అత్త ఒక్కతే అనుమానపడింది. ఆదివారం పొద్దున నన్ను వాకిట్లోకి లాగి, గడ్డం పట్టుకుని ఎండకు తిప్పి, కింది రెప్ప లాగి చూసింది. ఆమె ముఖం మాడిపోయింది.

"నీ మందే ఏదైనా ఇయ్యి అత్తా" అన్నాను.

"నా మందు వద్దు" అంది. "నీకొక్కదానికే అయితే ఇద్దును. కడుపులో బిడ్డ ఉండాది. ఆసుపత్రికి పోదాం పా సుగుణా, బిన్నా లెయ్."

ఊరందరికీ మందిచ్చే మనిషి తన కోడలికి ఇవ్వనంది. అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది.

ఆసుపత్రి

పూతలపట్టులో చూపిస్తే చిత్తూరుకు పొమ్మన్నారు. చిత్తూరులో రక్తం తీసి, తిరుపతికి తీసుకుపొమ్మన్నారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వాంతి చేసుకుంటుంటే, పక్క సీటామె లేచి వెనక్కి పోయింది. కండక్టరు మాత్రం తన దగ్గరున్న నిమ్మకాయ ఇచ్చి వాసన చూడమన్నాడు. ఆ నిమ్మకాయను ఎండిపోయేదాకా దాచుకున్నాను.

ఆసుపత్రిలో వేచి ఉండడమే ఒక జబ్బు. బల్ల మీద కూర్చుంటే నడుము పోతుంది, లేస్తే చోటు పోతుంది. పేరు పిలుస్తారేమోనని కన్నూ చెవీ తలుపు మీదే. ప్రతి చోటా అందరూ అడిగింది ఒకటే మాట. రక్తం తీసినామె అడిగింది, చీటీ రాసినాయన అడిగాడు, వరుసలో ముందున్న ముసలాయన కూడా అడిగాడు. "నీళ్లు కాచి తాగరా మీరు?"

కాచి తాగుతాం. కట్టెలున్న రోజు కాచి తాగుతాం. కట్టెలకు గుట్టెక్కితే ఫారెస్టువాళ్లు ఆపి మోపు విప్పించి చూస్తారు. గ్యాసు బండ తెచ్చుకుంటే దాన్ని చంటిపిల్లలా చూసుకుంటూ నెలలు గడుపుతాం. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, దాహంతో నాలుక పిడచకట్టుకుపోయిన మనిషి, నీళ్లు కాగి, చల్లారి, తేరుకునేదాకా ఆగాలట. ఊళ్లోవాళ్లను ఏ డాక్టరూ ఈ మాట అడగడు. వాళ్లు ప్లాంటు నీళ్లు ముంచుకుని తాగుతారు. కాచుకునే బుద్ధి మాకే ఉండాలి!

వార్డులో డాక్టరమ్మ చిన్నపిల్ల. నాకంటే చిన్నదేమో. నాతో నవ్వుతూ మాట్లాడి, రమణయ్యను వరండాలోకి పిలిచింది. తిరిగొచ్చినప్పుడు రమణయ్య నా కళ్లలోకి చూడలేదు.

"ఏం చెప్పింది మామా?"

"ఏం లేదు, బాగైతాదంట."

"నాకు చెప్పు. కడుపులో ఉండేది నాకు."

మంచం పట్టీ మీద కూర్చుని అప్పుడు చెప్పాడు. కడుపుతో ఉన్నవాళ్లకు ఈ కామెర్లు ముదిరితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమట. ముదరదని ఇప్పుడే చెప్పలేరట. నేను ఏడవలేదు. గోడ వైపు తిరిగి పొట్ట మీద చెయ్యి వేసుకుని, కదలిక కోసం చూస్తూ పడుకున్నాను. కదిలితే బతికినట్టు. కదలకపోతే? ఆ రోజులన్నీ అలాగే గడిచాయి. బిడ్డ కదలని గంటల్లో నేను ఎవరెవర్ని తిట్టానో రాస్తే ఈ కాగితం చినుగుతుంది.

పక్క మంచం మీద ఉన్న పిల్లకు వాళ్లత్త తోడుంది. తిరుమలలో గుడి ఉద్యోగం చేసి రిటైరైనాయన భార్య, వైష్ణవుల ఇంటావిడ. ఇత్తడి చెంబు కూడా ఇంటి నుంచే తెచ్చుకుంది. రోజూ ఫ్లాస్కులో కాచిన నీళ్లు తెచ్చేది. నాకు దాహమైతే నా గ్లాసులో పోసేది, తగలకుండా ఎత్తి పట్టుకుని. ఆ ఎత్తు నాకు అలవాటే. నోరు మూసుకుని తాగాను. ఒక మధ్యాహ్నం రమణయ్య లేనప్పుడు నాకు వాంతి వచ్చింది. నా తల పట్టుకుంది ఆమే. చీరంతా పాడైంది.

"చీర పాడైంది కదమ్మా" అన్నాను సిగ్గుతో.

"ఉతికితే పోతుంది లేమ్మా" అని, చీర మార్చుకుని వచ్చి, ఫ్లాస్కు నా దిండు పక్కన పెట్టింది. "ఇది నీ దగ్గరే ఉంచుకో. కావలసినప్పుడు నువ్వే పోసుకో."

అప్పుడు ఏడ్చాను. డాక్టరమ్మ మాటకు రాని ఏడుపు ఆ ఫ్లాస్కుకు వచ్చింది.

ఇంట్లో గొడవ

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, నేను ఆసుపత్రిలో ఉండగానే భారతమ్మ మనవరాలికి కూడా కామెర్లు తేలాయి. రమణయ్య ఆ కబురు మోసుకొచ్చాడు.

మునిరత్నం గారు ఎన్నడూ కాలు పెట్టని కాలనీకి కారులో వచ్చి, మా వాకిట్లో నిలబడి, "ఏం వేర్లు తాపించినావే నా మనవరాలికి? యానాదోళ్ల మందు నమ్మి మా ఆడోళ్లు పిల్లను చంపుకొనేట్టుండారు" అని అరిచారట. రమణయ్య అక్కడే ఉన్నాడు. యజమానికి ఎదురు చెప్పలేదు. ఆయన పోయాక తన తల్లి మీద పడ్డాడు.

"నీకు ఏంటికి అమా ఈ మందులు? నా కూడు పోగొడతావా?" అన్నాడట.

మా అత్త నన్నారి కుండ ఎత్తి వీధిలో పగలగొట్టింది. ఆ రోజు నుంచి కొడుకుతో మాటలు మానేసింది, అన్నం కూడా సరిగా తినడం లేదని ఆయనే చెప్పాడు.

"తప్పెవరిది మామా?" అని అడిగాను.

"నాకేం తెలుసు? తాగినోళ్లకే వచ్చింది కదా."

"నేను ఈ ఏడు నన్నారి తాగలేదు. కడుపుతో ఉన్నావని మీయమ్మ తాగనియ్యలేదు. మరి నాకెట్టొచ్చింది?"

 నాకు లేచి కూర్చునే శక్తి లేదు గానీ, అప్పుడు కళ్లకు కట్టినట్టు తెలిసింది. వేర్లు అడవివి. కుండ మాది. నానేసిన నీళ్లు గుంతవి. నిప్పు తగలకూడదని కాచలేదు. నీళ్లుగా ఇస్తే వద్దనే మనిషి, అవే నీళ్లు మందుగా ఇస్తే గ్లాసు పెట్టి తాగింది.

జీపు వచ్చిన రోజు

కామెర్లు ముదరకుండా తగ్గి, నన్ను ఇంటికి పంపాక కూడా మంచం దిగడానికి చాలా రోజులు పట్టింది. కాలనీ పిల్లలు వాంతులు చేసుకుంటే రాని జీపు, పెద్దింటి పిల్ల మంచం పడితే వచ్చింది. నీళ్ల ఇంజినీరు, సచివాలయంలో తలెత్తని ఆయన, మునిరత్నం గారు, భారతమ్మ అందరూ వచ్చారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

ఇంజినీరు గుంతలోకి తొంగి చూసి ముక్కుకు రుమాలు పెట్టుకున్నాడు. "ఈ గుంతలు తవ్విందెవరు?"

"మేమే సార్" అన్నాను.

"పైపులు కోసింది?"

"అదీ మేమే."

"ఇంకేముంది మరి? ప్రభుత్వం కుళాయి ఇస్తే కోసుకుని మురికిలో పెట్టుకున్నారు. మీకు శుభ్రత లేకపోతే మేమేం చేస్తాం?"

నేను గుమ్మం వదిలి వాకిట్లోకి వచ్చాను. 

"ఆ చివర ఇంటి ముందర కొయ్యని కుళాయి ఒకటుండాది. నీళ్లు వదిలినారు కదా ఇప్పుడు, పోయి తిప్పండి సార్."

తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది. ఇంకా తిప్పాడు. గాలి కూడా ఆగిపోయింది.

"నీళ్లు ఎక్కకుంటే మేము దిగినాము సార్. మీరు చదువుకున్నోళ్లు, మీరైతే ఏం చేస్తారో చెప్పండి, అట్లే చేస్తాం."

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మునిరత్నం గారు, "నీళ్ల సంగతి కాదు ఇప్పుడు, మందు సంగతి" అన్నారు. నేను భారతమ్మ వైపు తిరిగాను.

"అమ్మా, మీ పాప మా ఇంట్లో నీళ్లు తాగిందా?"

"లేదు. నీళ్లు ఎట్ల తాగుతాది? మందు తాగింది."

"ఆ మందు దేంట్లో నానింది?"

భారతమ్మ గుంత వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు అర్థమైంది. నాకు సంతోషం కలగలేదు. ఆ పిల్ల ఏం పాపం చేసింది? నా బిడ్డ ఏం చేసింది?

ఆ మరుసటి రోజు నుంచి ట్యాంకరు వచ్చింది. గుంతల్లో బ్లీచింగు చల్లారు. కొత్త పైపు కోసం కొలతలు తీసుకుని, సున్నంతో గీతలు గీశారు. భారతమ్మ మనవరాలు కోలుకుని చిత్తూరు బడికి వెళ్లిపోయింది. ట్యాంకరు కూడా పోయింది. గీతలు వానకు కొట్టుకుపోయాయి. అడిగితే, "ఫైలు పోయింది పైకి" అన్నారు. నీళ్లే ఎక్కవనుకున్నాను, మా ఫైళ్లూ ఎక్కవు!

పెరటాసి

నెలలు నిండకుండానే, దసరా దాపుల్లో వచ్చే పెరటాసి నెలలో నొప్పులు వచ్చాయి, మళ్లీ తిరుపతికే బయల్దేరాం. తిరుపతి నిండా కొండకు పోయే జనం. ఆటో కదలదు. మా అత్త నా తలను ఒళ్లో పెట్టుకుని, "కళ్లు మూయొద్దు సుగుణా, నన్ను చూడు" అంటూనే ఉంది. ముందు సీట్లో రమణయ్య, "అమా, ఎట్లుండాది?" అని అడిగాడు. వాళ్లిద్దరూ ఇన్నాళ్లకు మాట్లాడుకున్న మొదటి మాట అది.

ఆడపిల్ల. ఏడుపు కూడా సన్నగా వినిపించింది. అద్దాల పెట్టెలో పెట్టారు. నా చేతికి ఇచ్చేదాకా ఆ అద్దానికి ముఖం ఆనించి నిలబడ్డాను. ముందు నేను చూసింది ఆమె కళ్లు. తెల్లగా ఉన్నాయి.

బతికింది. అంతకంటే ఆ రోజుల గురించి రాయలేను.

మళ్లీ ఎండలు

ఈ ఏడు ఎండలు ముదిరాయి. బిడ్డకు ఆరు నెలలు నిండాయి. ఇక కొద్దికొద్దిగా నీళ్లు పట్టవచ్చని నర్సమ్మ చెప్పింది. "కాచి చల్లార్చి పట్టమ్మా" అని కూడా చెప్పింది. చెప్పక ఊరుకుంటే ఆశ్చర్యపోయేదాన్ని. గుంతలు అలాగే ఉన్నాయి. ఆ గుంత నీళ్లను ఎంత కాచినా, బిడ్డ నోటి దగ్గరికి చెంచా తీసుకుపోయేసరికి నా చెయ్యి ఆగిపోయేది. చనుబాలతోనే నెట్టుకొస్తున్నాను.

ఒక పొద్దున భారతమ్మ వచ్చింది. ఒంటరిగా. చేతిలో ఖాళీ సీసా.

"చెంగమ్మా, జరిగింది మనసులో పెట్టుకోవద్దు. పాపకు మళ్లా ఒళ్లంతా పేలింది. నన్నారి ఉంటే..."

మా అత్త తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. అత్త అరుగు మీద నుంచి లేవలేదు.

"వేర్లు ఉండాయి అమ్మయ్యా. నీళ్లు లేవు."

"అదేంది, బానలో కనిపిస్తాండాయి కదా?"

"అవి మా నీళ్లు. మేము కాచుకుని తాగేవి. మందుకు నిప్పు తగలకూడదు. మీరు తాగే నీళ్లు తెచ్చియ్యండి, నానేసి ఇస్తా."

భారతమ్మ ఖాళీ సీసాతోనే వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాం. సాయంత్రానికి తోట నుంచి రమణయ్య సైకిల్ మీద ప్లాంటు నీళ్ల క్యాను వచ్చింది. ఆయన దించి, తల్లి ముందు పెట్టి, "ఆ అమ్మ ఇచ్చింది, మందుకంట" అన్నాడు. మరుసటి వారం ఇంకొక ఇంటినుంచి వచ్చింది. తరవాత ఇంకొకరు. పాలకేంద్రం దగ్గర బిందె పెడితే అడ్డుకునేవాళ్లే, తమ క్యాను తామే మోసుకొచ్చి మా వాకిట్లో దించి పోతున్నారు. మాకు ఎన్నేళ్లు అడిగినా రాని నీళ్లు వాళ్ల మందు కోసం నడిచి వస్తున్నాయి.

ఆ మొదటి రోజు, కొత్త కుండలో వేర్లు వేసి నీళ్లు పోశాక, క్యానులో ఇంకా సగానికి పైగా మిగిలాయి. అత్త నన్ను చూసింది.  ఉగ్గుగిన్నె కడిగి, అందులో పోసి, బిడ్డను ఒళ్లోకి తీసుకుంది.

నా బిడ్డ నాలుక మీద పడిన మొదటి మంచినీళ్లు అవి. ఇంకొకరి బిడ్డ మందుకని వచ్చినవి. సంతోషించాలో, ఆ క్యాను తీసుకుపోయి సచివాలయం బల్ల మీద కుమ్మరించాలో నాకు తెలియలేదు. బిడ్డకు అవేవీ పట్టలేదు. చప్పరించి, ఇంకా కావాలని నోరు తెరిచింది.

"తాగమ్మా, తాగు" అంది అత్త గిన్నె వంచుతూ. "ఎండలు ఇంకా ఉండాయిలే."